గని మనిషి పళ్ళెం

"శ్రాద్ధం కూడు పెట్టావు గదే కమలా, కడుపుతో ఉన్న నా కోడలికి!"

ఫోను స్పీకర్లో ఉంది. సింగపూర్ పుంగ్గోల్‌లో భ్రమరాంబ అరుస్తుంటే హౌగాంగ్‌లో ఈ తొమ్మిదో అంతస్తు ఫ్లాటంతా వినిపిస్తోంది. కమలాదేవి ఫోను డైనింగ్ టేబుల్ మీద పెట్టి, దానికి కాస్త ఎడంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"తెలియక పెట్టాను భ్రమరా. తెలిసి పెడతానా?"

"తెలీదా? నీ ఇంట్లో, నీ హాల్లో, నీ కోడలు బల్లేసి దీపం పెట్టి రొట్టె పెడితే అది దేవుడికో దయ్యానికో నీకు తెలీదా? ఏందమ్మా ఈ చోద్యం!"

"బంతిపూలు, దీపం, గ్లాసుతో మంచినీళ్ళు. చూసినవాళ్ళు ఎవరైనా నైవేద్యమనే అనుకుంటారు. నువ్వు అనుకోలేదూ?"

"అనుకోబట్టే తిన్నా. రాత్రంతా కడుపులో దేవినట్టుగానే ఉంది."

"కావ్యశ్రీ ఎలా ఉంది?"

"ఎట్టా ఉంటది? పొద్దున లేచినకాడ్నించీ లోపల బిడ్డ కదిలినట్టు లేదంటంది."

కమలాదేవి చెయ్యి టేబుల్ అంచుని గట్టిగా పట్టుకుంది. అటువైపు భ్రమరాంబ ఆగలేదు.

"విను. సాయంత్రం గణపతి శాస్త్రిగార్ని వెంటబెట్టుకుని నేనే వస్తన్నా. పుణ్యాహవాచనం చేయిద్దాం. నేనొచ్చేసరికి ఆ బల్ల ఆ ఇంట్లో ఉండకూడదు. ఉందా, ఇరవై ఏళ్ళ స్నేహం ఇయ్యాళ్టితో సరి. అందరికీ నేనే చెప్తా, కమల ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగొద్దని."

ఫోను ఆగిపోయింది.

సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న కూతురు ఆమని, మాట చివర సింగపూర్ 'లా' తగిలించే పిల్ల, తన ఫోనులోంచి తలెత్తింది. "అమ్మా, రిలాక్స్ లా. కావ్య ఇప్పుడే మెసేజ్ పెట్టింది. బేబీ లోపల ఫుట్‌బాల్ ఆడుతున్నాడట. ఆ బ్రెడ్ రెసిపీ వదినని అడగమంటోంది."

"నోర్ముయ్యి!"

"నిజం లా! కావాలంటే చూడు."

చూడలేదు కమలాదేవి. బిడ్డ బాగున్నాడని ఒకరు, కదల్లేదని ఒకరు చెబితే రెండోదాన్నే నమ్మే మనిషి ఆవిడ. అయినా ఆవిడ భయం కావ్యశ్రీ కడుపు గురించి ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదు.

నిన్న జరిగింది చూస్తే రెండు నిమిషాల వ్యవహారం. లక్ష్మీపూజ అయింది, పులిహోర అయిపోయింది, కజ్జికాయల డబ్బా ఖాళీ అయింది. కోడలు హిమ పూలు చాల్లేదని టెక్కా మార్కెట్టుకి పరిగెత్తింది. మూల బల్ల మీద పంచదార అద్దిన గుండ్రటి రొట్టెని చూసి కావ్యశ్రీ, "ఆంటీ, అదేంటి, వాసన భలే ఉందే" అంది. ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే లేదనడం కమలాదేవి వంశంలోనే లేదు. రొట్టె తీసింది, కళ్ళకద్దుకుంది, ప్రసాదం కదా అని మొదటి ముక్క తన నోట్లో వేసుకుంది, మిగతాది ముత్తయిదువులందరికీ తుంచి పెట్టింది.

హిమ పూల సంచితో గుమ్మంలోకి వచ్చేసరికి పళ్ళెంలో పంచదార పలుకులు తప్ప ఏమీ లేవు. ఆ పిల్ల అన్న మాట ఒక్కటే.

"అది చనిపోయినవాళ్ళది."

దీపావళి నాడు, పట్టుచీరల మధ్య, ఆ మాట! ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని లిఫ్టు దగ్గరికి పోయారు. అప్పటినుంచీ కమలాదేవికి ముద్ద దిగలేదు. కాఫీ నోట్లో పోసుకుంటే సోంపూ నారింజ తొక్కా కలిసిన రుచి. పళ్ళు తోముకుంటే అదే రుచి. తిననే లేదు కాబట్టి ఆకలి వేస్తోందని సర్ది చెప్పుకుంది. కాని ఆకలి తనకు తెలుసు. ఏకాదశులు, శివరాత్రులు ఎన్ని చెయ్యలేదు! ఇది తన ఆకలి కాదు. ఎవరిదో తెచ్చి తన కడుపులో పెట్టినట్టుంది. ఆ సంగతి మొగుడితో కూడా చెప్పలేదు.

వంటింట్లో సొరుగు లాగిన చప్పుడైంది. కమలాదేవి ఒక్క ఉదుటున లేచింది.

హిమ మైదా పిండి డబ్బా కిందికి దించుతోంది. పక్కన వెన్న, గుడ్లు, రెండు నారింజపళ్ళు. ఆ పిల్ల అసలు పేరు హిమేనా. మెక్సికోలో వెండి గనుల ఊరు గ్వనహ్వాతో నుంచి నీళ్ళ శుద్ధి మీద పరిశోధన చెయ్యడానికి సింగపూర్ యూనివర్సిటీకి వచ్చి, లోహిత్‌ని చేసుకుని రెండేళ్ళయింది. పేరు కుదించింది అత్తగారే, ముద్దుగానే. తెలుగు నేర్చుకుంది. నెమ్మదిగా, మాట మాటా ఏరుకుని మాట్లాడుతుంది. ఏరుకోలేనప్పుడు ఇంగ్లీషులోకి దిగుతుంది. అత్తగారికి ఇంగ్లీషు బాగానే వచ్చు, కోపం వచ్చినప్పుడు మాత్రం రాదు.

"ఏం చేస్తున్నావ్?"

"మళ్ళీ రొట్టె చేస్తాను అత్తయ్యా. రేపు సాయంత్రం లోపు పళ్ళెంలో ఉండాలి. రేపు వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు."

"వాళ్ళు అంటే?"

"మా వాళ్ళు."

"చచ్చిపోయినవాళ్ళు!"

"అవును. మా వాళ్ళే."

కమలాదేవి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "చూడమ్మా, నువ్వు వచ్చిన రోజునుంచీ నిన్ను ఒక్క మాట అన్నానా? మీ దేవుణ్ణి పెట్టుకుంటానన్నావు, పెట్టుకోమన్నాను. రంగు కాగితాలు కత్తిరించి అంటిస్తే ముచ్చటగా ఉన్నాయన్నాను. బంతిపూలు నేనే తెప్పించాను. పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టుకుంటాం అన్నావే గాని, పిండం పెడతాం అన్నావా?"

"దణ్ణమే అత్తయ్యా. వాళ్ళు ఏడాదికోసారి వస్తారు. ఆకలితో వస్తారు. పెట్టాలి."

"రావడమేమిటి! పోయినవాళ్ళు ఇంట్లోకి రాకూడదనే కదా మేం తద్దినం పెట్టి దణ్ణం పెట్టి పంపించేసేది! నువ్వేమో గుమ్మందాకా పూలు చల్లి మరీ పిలుస్తావా?"

"మా ఇంట్లో రావద్దని ఎవరూ చెప్పరు."

"ఇది మీ ఇల్లు కాదు."

అని ఊరుకుంది కమలాదేవి. ఆ మాట నోరు దాటాక వెనక్కి తీసుకోవాలనిపించింది కూడా. కాని అప్పటికే లోహిత్ గదిలోంచి వచ్చి ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. కొడుకు ముందు మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాలేదు.

"అమ్మా, ప్లీజ్" అన్నాడు లోహిత్. తర్వాత భార్య వైపు తిరిగాడు. "హిమా, ఆన్‌లైన్లో చూడనా? ఎవరో ఒకరు ఈ బ్రెడ్ అమ్మకపోరు. రేపటికి తెప్పిద్దాం."

తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడ్డ మగాడు ఏం మాట్లాడినా తప్పే. అయినా మరీ ఇంత తప్పు మాట్లాడక్కర్లేదు. హిమ అతని వైపు చూసిన చూపుకి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"మా అమ్మమ్మ ఎప్పుడూ కొనలేదు. వాళ్ళమ్మా కొనలేదు. ఇంటి ఆడమనిషి చేత్తో కలపాలి. ఏ ఇంట్లో పళ్ళెం ఉంటే ఆ ఇంట్లోనే కాలాలి. మా అమ్మకి వీటి మీద నమ్మకం లేదు. పోయిన ఫిబ్రవరిలో అమ్మమ్మ పోతూ నాకు అప్పజెప్పింది. నా చేతికొచ్చిన మొదటి ఏడే పళ్ళెం ఖాళీ అయింది."

గొంతు పెంచలేదు హిమ. పెంచి ఉంటే కమలాదేవికి తేలికయ్యేది.

"నా పొయ్యి మీద కుదరదు" అందావిడ. "సాయంత్రం శాస్త్రిగారు వస్తున్నారు. ఆ బల్ల తీసెయ్యి."

"సరే అత్తయ్యా."

ఇంత తొందరగా సరే అంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమని కూడా ఫోను పక్కన పెట్టేసింది.

"బల్ల తీసేస్తాను. పళ్ళెం తీసుకుని యూనివర్సిటీ క్వార్టర్స్‌లో నా ఫ్రెండ్ దగ్గరికి వెళ్తాను. అక్కడా ఒవెన్ ఉంది."

"రేపు రాత్రికి వచ్చేస్తావుగా?" అన్నాడు లోహిత్.

"ప్రతి ఏడూ ఇంట్లోంచి పారిపోయి పెట్టుకోవాల్సిన పళ్ళెమయితే, ఆ ఇంటికి మళ్ళీ ఎందుకు రావడం?"

కింద ఆటస్థలంలో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. హిమ మైదా డబ్బా మూత పెట్టి, ఉన్న చోటనే పెట్టేసి, చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళింది.

హాల్లో మూల బల్ల దగ్గర మామగారు సీతారామారావు కూర్చుని ఉన్నారు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి, ఇంట్లో గొడవ జరిగితే పేపరు చదువుతారు, పేపరు అయిపోతే మళ్ళీ మొదటినుంచీ చదువుతారు. ఇవాళ పేపరు పక్కన పెట్టేశారు. ఆరిపోయిన దీపాల్లో ఒకదాన్ని వెలిగిస్తున్నారు.

"ఎవరికమ్మా ఈ పళ్ళెం?" అన్నారు.

నిన్నటినుంచీ ఇంతమంది ఇన్ని మాటలన్నారు గాని, ఆ ఒక్కటీ ఎవరూ అడగలేదు. హిమ నేల మీద కూర్చుంది.

"పేరు తెలీదు మామయ్యగారూ. ఇంట్లో గని మనిషి అంటాం. రెండు వందల ఏళ్ళ పైమాట. అప్పుడు మా దేశం స్పెయిన్ రాజుది. ఆ రాజు పెట్టెల్లోకి వెళ్ళే వెండి మా కొండల్లోంచే వెళ్ళేది."

"లోపలికి దిగి తవ్వినవాడికి ఏం మిగిలేది?"

"దగ్గు."

సీతారామారావు నవ్వబోయి ఆగారు.

"ఆ రోజుల్లో వానల్లేవు. మొక్కజొన్న కొనలేక జనం గడ్డిదుంపలు తిన్నారని అమ్మమ్మ చెప్పేది. అప్పుడు మాకు దగ్గర్లో ఓ ఊళ్ళో ఒక ఫాదరు తెల్లవారుజామున చర్చి గంట కొట్టాడు. ఇంక చాలు, లేవండి అన్నాడు. ఇప్పుడు ప్రతి సెప్టెంబర్లో మా ప్రెసిడెంట్ బాల్కనీలోకి వచ్చి ఆ కేక మళ్ళీ వేస్తారు. కింద మేమందరం అరుస్తాం. గొంతు పోయేదాకా."

"మన ఆగస్టు పదిహేను లాగా."

"మాది సెప్టెంబర్ పదహారు. ఆ ఫాదరు వెనకాల రైతులు, కూలీలు, గనివాళ్ళు, వేల మంది మా ఊరికి వచ్చారు. స్పెయిన్ వాళ్ళు వెండీ డబ్బూ అంతా ధాన్యపు గాదెలో పెట్టుకుని తలుపులేసుకున్నారు. రాతి గాదె, కోటలా ఉంటుంది. ఇప్పటికీ ఉంది. ఒక గనివాడు వీపుకి బండ కట్టుకుని, తూటాలు దాని మీద పడుతుంటే పాకుతూ వెళ్ళి ఆ తలుపుకి నిప్పు పెట్టాడంటారు. కొండ మీద ఆయనకి పెద్ద విగ్రహం ఉంది."

"ఆయనేనా మీ గని మనిషి?"

"కాదు. మా గని మనిషి ఆయన వెనకాల వెళ్ళినవాళ్ళలో ఒకడు. విగ్రహం లేనివాడు." హిమ ఆ మాట కొంచెం కోపంగానే అంది. "రెండు నెలలకి రాజు సైన్యం తిరిగొచ్చింది. కూడళ్ళలో ఉరికొయ్యలు పాతారు. పట్టుకున్నవాళ్ళని వరసలో నిలబెట్టి చీట్లు తీశారని అమ్మమ్మ చెప్పేది. నీకు చావు, నీకు బతుకు. మా గని మనిషికి చావు వచ్చింది."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. కమలాదేవి వింటోంది. వినడం లేదన్నట్టు ఒక గిన్నెని బోర్లించి మళ్ళీ తిరగేసింది.

"మరుసటి ఏడు నాయకుల్ని పట్టుకున్నారు. నలుగురి తలలు తెచ్చి ఆ గాదె నాలుగు మూలలా ఇనప బోనుల్లో వేలాడదీశారు. స్వతంత్రం వచ్చేదాకా పదేళ్ళు అక్కడే ఉన్నాయి. మా ముత్తవ్వల ముత్తవ్వలు వాటి కిందనుంచే నీళ్ళకి వెళ్ళారు. తర్వాత ఆ తలల్ని దించి, మర్యాద చేసి, రాజధానిలో పెట్టుకున్నారు. గని మనిషిని ఏ గోతిలో పడేశారో ఎవరికీ తెలీదు. ఆయనకి సమాధి లేదు మామయ్యగారూ. ఏడాదికి ఒక్క సాయంత్రం, ఒక్క పళ్ళెం. ఆయనకున్న చోటు అదే."

"రొట్టె ఎందుకమ్మా? మొక్కజొన్న తినేవాళ్ళన్నావుగా?"

హిమ కింద పడ్డ బంతి రేకు ఒకటి తీసి పళ్ళెం పక్కన పెట్టింది.

"ఆ పొద్దున ఆయన భార్య ఎక్కడో అడుక్కుని ఒక రొట్టె సంపాదించింది. ఆయనకి పెడదామని తీసుకెళ్ళింది. వెళ్ళేసరికి ఉరి తీసేశారు. రొట్టెని ఆయన కాళ్ళ కింద నేల మీద పెట్టి వచ్చేసింది. అదే మొదటి పళ్ళెం అంటారు." ఆ నాలుగు ముక్కలూ గబగబా అప్పజెప్పినట్టు చెప్పి లేవబోయింది.

"కూర్చో" అన్నారు సీతారామారావు. "నిన్న పళ్ళెం ఖాళీ అయిందని నువ్వు బాధపడుతున్నావు. మా లెక్క వేరమ్మా. మా నాన్నగారి తద్దినం పెడతాను కదా, ఆయన వచ్చి విస్తరి ముందు కూర్చోరు. భోక్తని పిలుస్తాం. ఆ బ్రాహ్మడు తింటే మా నాన్నగారు తిన్నట్టే. ఆ పూటకి ఆయనే మా నాన్నగారు. కాళ్ళు కడిగి దణ్ణం పెడతాను."

"అంటే?"

"నిన్న దీపావళి అమావాస్య. మా ఊళ్ళో గోగుపుల్లలకి గుడ్డలు చుట్టి, వెలిగించి, ఆకాశానికి చూపించేవాళ్ళం. పైకి వెళ్ళే పెద్దవాళ్ళకి దారి కనపడాలని. ఈ ఫ్లాట్లలో మంటలెక్కడ పెడతాం? ఇక్కడికొచ్చాక మానేశాం. నువ్వు తెలిసి పెట్టావో తెలియక పెట్టావో, సరైన రోజునే పెట్టావు. ఇంక తిన్నవాళ్ళంటావా? మొదటి ముక్క కళ్ళకద్దుకుని తిన్నదెవరు? మీ అత్తగారు. మీ గని మనిషికి లోటేం జరగలేదమ్మా. భోక్త ఉంది."

వంటింట్లో గిన్నె ధడాలున కింద పడింది.

"అంటే నేను భోక్తనా?" కమలాదేవి గుమ్మంలోకి వచ్చింది. "దీపావళి నాడు, పూజ చేసుకుని, పసుపు కాళ్ళతో ఉన్నదాన్ని, ఎవడో ఉరికొయ్యకి వేలాడినవాడికి నేను భోక్తనా?"

"నేను ఆ పిల్లకి ఊరట చెబుదామని..."

"చెప్పండి! ఊళ్ళోవాళ్ళందరికీ ఊరట చెప్పండి! ఇరవై ఏడేళ్ళలో నాకు ఒక్కసారి చెప్పారా? ఎందుకు ముద్ద దిగట్లేదో అడిగారా?"

గది తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. సీతారామారావు పేపరు కోసం చుట్టూ చూసి, కనబడక, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. నవంబరు వాన ఇక్కడ చెప్పి రాదు, చెప్పి పోదు. గదిలో కమలాదేవి గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర కాదు, మెలకువ కాదు. తడిసిన రాళ్ళ వాసన వేస్తోంది. ఈ ఇంట్లో రాళ్ళెక్కడివి? అన్నీ టైల్సు. ఏసీ ఆపింది. వాసన పోలేదు. కాసేపటికి చప్పుడు మొదలైంది. చాలా దగ్గరగా, మంచం కింద వైపు ఎవరో కూర్చున్నట్టు. నములుతున్న చప్పుడు. ఏడుస్తూ, ఏడుపు ఎవరికీ వినపడకుండా నోటినిండా కుక్కుకుని నములుతున్నట్టు. లేచి చూడాలనుకుంది, ఒళ్ళు లేవలేదు. లక్ష్మీ అష్టోత్తరం అందుకుంది, నాలుగో నామం దగ్గర మరిచిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మరవని నామం!

బయట హాల్లో హిమ బల్ల సర్దుతోంది. రంగు కాగితాలు ఊడదీసింది. కొవ్వొత్తులు, దీపాలు ఒక సంచిలో, పూలు ఒక సంచిలో. పళ్ళెం తన చున్నీలో చుట్టింది. లోహిత్ ఆమె వెనకాల తిరుగుతున్నాడు.

"నేనూ వస్తాను."

"రావద్దు."

"ఎందుకు?"

"పొద్దున మీ అమ్మ ఇది మీ ఇల్లు కాదంది. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు."

"షాకయ్యాను హిమా. ఆవిడ మనసులో ఉండి అనలేదు."

"ఆవిడ సంగతి కాదు లోహిత్. నీ సంగతి."

ట్యాక్సీ వచ్చేస్తోందని ఫోను మోగింది. ఆమని లేచి వెళ్ళి వదిన చెయ్యి పట్టుకుంది. "డోంట్ గో లా, వదినా" అని, ఇంకేమీ చెప్పలేక ఏడ్చేసింది.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

కమలాదేవి వచ్చింది. జుట్టు ఊడిపోయి భుజాల మీద పడి ఉంది, బొట్టు చెదిరింది. ఎవరి వైపూ చూడకుండా ఖాళీ అయిన మూల బల్ల దగ్గరికి వెళ్ళి, దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. విస్తరి కోసం కూర్చున్నట్టే.

"హిమా" అంది. గొంతు బొంగురుపోయింది. "మా వైపు తద్దినం చివర్న భోక్తని ఒక మాట అడుగుతారు. తృప్తయిందా అని. అయిందని అంటేనే కర్త లేస్తాడు. నన్ను ఎవరూ అడగలేదే."

హిమకి అర్థం కాలేదు. మామగారి వైపు చూసింది. అడుగు అన్నట్టు ఆయన తలూపారు.

"తృప్తయిందా అత్తయ్యా?"

"లేదు."

లోహిత్ ఒక అడుగు ముందుకి వేశాడు. "అమ్మా, నీకు ఒంట్లో బాలేదు. కాస్త మజ్జిగ తాగు..."

"నువ్వుండు. హిమా, మీ గని మనిషి ఆ రొట్టె తినలేదు. ఆయన కాళ్ళ కింద ఎవరూ రొట్టె పెట్టలేదు."

హిమ చేతిలో పళ్ళెం మీది చున్నీ జారిపోయింది.

"ఆవిడే తినేసింది" అంది కమలాదేవి. "ఆయన కింద, ఆ రాళ్ళ మీద కూలబడి. ఆయన పైన వేలాడుతుంటే కిందనే కూర్చుని మొత్తం తినేసింది. ఏడుస్తూనే తినేసింది. అవునా కాదా?"

హిమ ముఖంలో రక్తం లేదు. గోడకి ఆనుకుంది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ముందు అవునో కాదో చెప్పు."

"నేను ఎవరికీ చెప్పలేదు. లోహిత్‌కి కూడా చెప్పలేదు. అమ్మమ్మ పోయేముందు అందర్నీ గదిలోంచి పంపించేసి, ఫోనులో నాకొక్కదానికే చెప్పింది. పళ్ళెం పెట్టేవాళ్ళకి తప్ప చెప్పకూడదంది. అది మా ఇంటి సిగ్గు. ఆయన ఉరికొయ్య మీద ఉంటే ఆయన రొట్టె ఆవిడ తినేసింది. ఆ పాపానికే మేం ప్రతి ఏడూ..." ఇంక తెలుగు దొరకలేదు. ఇంగ్లీషూ దొరకలేదు. తన భాషలో ఏదో రెండు మాటలంది, అవి ఎవరికీ తెలియలేదు.

"పాపమా?" కమలాదేవి మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది. "పాపమేమిటే పిచ్చిపిల్లా! ఆకలేస్తే తినదూ? కడుపుతో ఉన్న మనిషి!"

హిమ నోరు తెరుచుకుని ఉండిపోయింది. కడుపుతో ఉందన్న మాట అమ్మమ్మ కూడా చెప్పలేదు.

"పోయినవాణ్ణి ఆ రొట్టె లేపుతుందా? లోపలున్నది బతకాలని తింది. తినబట్టే అది పుట్టింది. దానికి పుట్టినవాళ్ళకి పుట్టినవాళ్ళకి పుట్టి, నువ్వు నా ఇంటికొచ్చావు. రెండు వందల ఏళ్ళు ఆయనకి పెట్టారు, ఒప్పుకున్నాను. దేశం కోసం పోయాడు, పెట్టాలి. మరి ఆవిడకో? ఒక్కళ్ళన్నా ఒక్క ముక్క పెట్టారటే?"

హిమ చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఇంట్లో అడుగు పెట్టాక ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి. లోహిత్ దగ్గరికి వెళ్ళబోతే తండ్రి చెయ్యి పట్టి ఆపారు.

"లే" అంది కమలాదేవి, తనే మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేస్తూ. "రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే కలుపుదాం. రెండు రొట్టెలు. నాకు ఇంకా ఆకలి తీరలేదు. ఆవిడ లేవదు, పెట్టేదాకా లేవదు. నాకు తెలుస్తోంది."

కింద ట్యాక్సీ హారన్ కొట్టింది. ఆమని బాల్కనీలోకి పరిగెత్తి, వద్దు పొమ్మని చేతులూపింది. వంటింట్లో మైదా డబ్బా మూత ఊడింది. అత్తగారి చేతులు మోచేతుల దాకా పిండి, పక్కన కోడలు ముక్కు ఎగబీలుస్తూ నారింజ తొక్క తురుముతోంది.

కాలింగ్ బెల్ మోగింది. గుమ్మానికున్న ఇనప గేటు ఊచల అవతల తడిసిన గొడుగుతో భ్రమరాంబ, ఆవిడ వెనక కలశం చెంబు పట్టుకుని గణపతి శాస్త్రిగారు నిలబడి ఉన్నారు.

"కమలా! బల్ల తీసేశావా లేదా?"

తాళంచెవి చేతిలో పట్టుకుని సీతారామారావు భార్య వైపు చూశారు.

కమలాదేవి గేటు వైపు తిరగలేదు.

"ఉప్పు ఎంత వెయ్యమంటావే?" అని కోడల్ని అడిగింది. ఆ గొంతు కమలాదేవిది కాదు.